ఇద్దరికి సరిపడా పరువు

"గోడ ఆరిందమ్మోయ్!" చర్చి గుమ్మంలోంచే కేకేశాడు మేస్త్రి.

కొత్త కోడలి చేతిలోంచి కడుగుతున్న పళ్ళెం జారింది. వరద తీశాక ఇళ్ళు శుభ్రం చేయడానికి చర్చి వేసిన దళానికి ఈ మేస్త్రే పెద్ద. రోజూ ఇల్లిల్లూ తిరిగి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు ప్రతి గోడ మీదా అరచెయ్యి ఆనించి చూసి వచ్చేవాడు. "ఇంకా చెమ్మే" అన్న మాట తప్ప ఆయన నోట ఇంకో మాట ఆమె ఇన్నాళ్ళూ వినలేదు.

"నాలుగు గోడలూ ఆరాయి. సున్నం కూడా కొట్టేశాం. రేపు మీరు ఇంటికెళ్ళిపోవచ్చు."

పెళ్ళయిన పన్నెండో రోజున వరద వచ్చింది. పదమూడో రోజు నుంచి ఆడవాళ్ళు సండే స్కూలు గదిలో, మగవాళ్ళు పెద్ద హాల్లో. ఇరవై ఒక్క రోజులుగా వాళ్ళ కాపురమంతా చర్చి వెనక కుళాయి దగ్గరే సాగుతోంది. భర్త పళ్ళేలు తోముతాడు, ఆమె కడుగుతుంది. తోమే పనికి ఆయన తనంతట తానే ముందుకొచ్చాడని తెలిసి చర్చిలో నవ్వనివాళ్ళు లేరు. సబ్బు నురగలో వేలితో ఓ పువ్వో పిట్టో గీసి పళ్ళెం అందిస్తాడు. ఆమె దాన్ని తనివితీరా చూసుకుని, ఇక తప్పదన్నట్టు నీళ్ళు పోస్తుంది. ఆ పళ్ళేల గుట్ట ఎంతకీ తరగదు మరి!

"ఇంటికి వెళ్ళొచ్చు సరే, పడుకునేది దేని మీద?" అంది అత్తగారు. "నేల ఇంకా మంచులా ఉంది. పరుపు వస్తే రేపే వెళదాం. లేదా, మీ పళ్ళేల కాపురం ఇంకో వారం ఇక్కడే చేసుకోండి."

కోడలు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆఫీసు గదికి పరుగెత్తింది.

వరద తర్వాత చర్చి ఇంటికో చీటీ ఇచ్చింది. పోయినదేదో, కావలసినదేదో రాయాలి. పెళ్ళికానుకలన్నీ విప్పకుండా అటక మీదే ఉండి బతికిపోయాయి కాబట్టి ఆమె ఒక్కటే రాసింది. పోయినది: పరుపు. కావలసినది: పరుపు, ఇద్దరికి సరిపడా. ఆ 'ఇద్దరికి' తలుచుకుని సిగ్గు ముంచుకొచ్చి రాత కాస్త వంకర పోయింది.

చీటీలు చదివేది పోస్టుమాస్టరు తాతయ్య. రిటైరై పదేళ్ళయినా, ఎంత గజిబిజి రాతనైనా ఇట్టే చదివేస్తానని ఆయన ధీమా. తన కళ్ళజోడు వరదలో పోయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కళ్ళజోడు లేనివాళ్ళకి 'పు', 'వు' కవలపిల్లలు. అందుకని ఆయన చదివింది ఇదీ. పోయినది: పరువు. కావలసినది: పరువు, ఇద్దరికి సరిపడా.

"తాతయ్యా, మా చీటీ సంగతి..."

ఆయన గబుక్కున లేచి తలుపు ఓరగా వేశాడు.

"కూర్చో తల్లీ. ఈ గదిలో మాట గడప దాటదు. ఎప్పుడు పోయింది?"

"వరదొచ్చిన రోజే."

"పెళ్ళయి రెండు వారాలైనా కాలేదే!"

"అదే కదా నా బాధ. పన్నెండు రోజుల ముచ్చట."

"మీ ఆయనకి తెలుసా?"

"తెలియకపోవడమేంటి? ఆయనే వీధిలో పారేశారు."

"వీధిలోనా!"

"ఇంట్లో ఉంచితే కంపు కదా. అత్తయ్యగారు కూడా ఓ చెయ్యేశారు."

"మీ అత్తగారా! వారం వారం ముందు వరసలో కూర్చునే మనిషి!" తాతయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ఒక్క పరుపుకి ఇన్ని ప్రశ్నలా అని ఆమెకి ఆశ్చర్యం వేసింది. అయినా అవసరం తనది. "మళ్ళీ దొరుకుతుందా తాతయ్యా? ఎవరైనా వాడి వదిలేసిందైనా పర్లేదు. దులిపి, ఎండలో వేసుకుంటాం."

తాతయ్యకి కళ్ళ నీళ్ళొచ్చేశాయి. "మూడు రోజులుగా దానికోసమే ప్రార్థన చేస్తున్నానమ్మా."

"పరుపు కోసమా?!"

"పరు... ఏంటీ?"

తలుపు తోసుకుని పాస్టరమ్మ లోపలికొచ్చింది. తాతయ్య చూపించిన చీటీ తీసుకుని కిటికీ వెలుగులో చదివింది. తాతయ్యని చూసింది, కోడలిని చూసింది, నవ్వు ఆపుకోలేక కింద కూలబడింది. పది నిమిషాల్లో సంగతి చర్చంతా పాకిపోయింది.

"ఏమయ్యా, మా పరువు నీ చేతుల్లో పెడితే ఇలా తీస్తావా?" అని అత్తగారు తాతయ్యని నిలదీసింది.

నవ్వులు సద్దుమణిగాక అసలు సంగతి బయటపడింది. పరుపుల లారీ ఆ ఉదయమే వచ్చి, చీటీల ప్రకారం ఇళ్ళ దగ్గరే పంచేసి వెళ్ళిపోయింది. వీళ్ళ చీటీ మాత్రం ప్రార్థన కోసమని తాతయ్య బైబిల్లోనే ఉండిపోయింది. మళ్ళీ లారీ వచ్చేది వచ్చే వారమే.

అందరితో పాటు నవ్వుతున్న కోడలు ఆగిపోయింది. భర్త వైపు చూడకుండా నేల చూపులు చూసింది.

టైలరక్క పైకి, డాబా వైపు చూసింది. అక్కడ చర్చి బెంచీల మీద వేసుకునే మెత్తలు ఎండుతున్నాయి. "పన్నెండు మెత్తలు కలిపి కుడితే డబుల్ పరుపు. నా మిషను ఖాళీగానే ఉంది. ఏమంటారు పాస్టరుగారూ?"

"మరి బెంచీలు గట్టిగా తగులుతాయి కదమ్మా?"

"తగలనివ్వండి. అప్పుడైనా మీ ప్రసంగంలో ఎవరికీ నిద్ర పట్టదు."

పదకొండు మెత్తలు క్షణంలో తేలాయి. తాతయ్య తన ఇంకు మరకల మెత్త ఇచ్చి, ఏడాదిపాటు ఉత్త బెంచీ మీదే కూర్చుంటానన్నాడు. పన్నెండోది అత్తగారిది. ముందు వరసలో పదిహేనేళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని ఎర్ర మెత్త. ఆవిడ దాన్ని ఒకసారి తట్టి, టైలరక్క ఒళ్ళో పడేసింది.

"నాదీ వెయ్యి. అంచున వెయ్యి సుమా, మధ్యలో వద్దు."

సాయంత్రానికి పరుపు తయారైంది. పన్నెండు రంగులు, రెండు చోట్ల ఎత్తుపల్లాలు. కొత్త పెళ్ళికొడుకు మేస్త్రిలా దాని మీద అరచెయ్యి ఆనించి, "ఇంకా చెమ్మే" అన్నాడు గంభీరంగా. ఆమె చేతిలోని దారపుండ విసిరికొట్టింది.

సాయంత్రం ప్రార్థన ముగిశాక పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"ఒక ప్రకటన. రేపు ఉదయం తొమ్మిదింటికి బలమైన మగవాళ్ళు ఆరుగురు కావాలి. కొత్త జంట పరువుని పెద్దవీధి మీదుగా మోసుకెళ్ళి వాళ్ళింట్లో దించాలి. దారిలో ఎక్కడా కింద పడెయ్యకూడదు."

అందరికంటే ముందు తాతయ్య చెయ్యి లేచింది.

"బలమైనవాళ్ళు అన్నాను తాతయ్యా."

"మొయ్యనులే. ముందు నడిచి దారి చూపిస్తా."

"కళ్ళజోడు లేకుండానా!" అంది అత్తగారు.