సుబ్బారావుగారి దిష్టిబొమ్మ

మా ఆయన కోటి, లారీ కింద పడి పోయాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన పడలేదు. లారీ కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తున్న మనిషి మీద లారీయే పడింది. జాకీ జారింది. ఆటోనగర్‌లో, లారీలకు బాడీలు కట్టే వెంకటసుబ్బారావుగారి షెడ్డులో, పట్టపగలు, పదిమంది పనివాళ్ల మధ్య జరిగింది. మర్నాటికల్లా ఆటోనగరంతా ఒకటే మాట. కోటి తాగి ఉన్నాడట. తాగిన మత్తులో జాకీ సరిగ్గా పెట్టుకోకుండా కిందికి దూరాడట.

ఆ మాట పుట్టించింది సుబ్బారావుగారే. గారు అంటున్నానని మర్యాద అనుకోకండి, నోటికి అలవాటైపోయింది. శవాన్ని ఇంటికి తెచ్చిన పూట మా గుమ్మంలో నిలబడి, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ, వచ్చినవాళ్లంతా వినేలా "ఎంత చెప్పినా మానలేదమ్మా" అన్నాడు. ఆ కండువా మెడకు బిగించి ఊపిరాడకుండా చేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మా ఆయన చుక్క ముట్టేవాడు కాదు. మాది నాగాయలంక దగ్గర చేపల వేట చేసుకునే కుటుంబం. మా చిన్నమామ పెళ్లిలో ఎవరో కల్లు ముంత ఆయన చేతిలో పెడితే, తీసుకెళ్లి గేదె కుడితిలో పోసి వచ్చాడని మావాళ్లు ఈనాటికీ చెప్పుకుని నవ్వుతారు. అలాంటి మనిషిని చచ్చాక తాగుబోతును చేశారు.

మా అమ్మాయి మనోజ్ఞ ఇంటర్ చదువుతోంది. దాని ఫోన్ తెరవగానే వాళ్ల నాన్న ఫొటో ఉండేది. కాలేజీలో ఎవరేమన్నారో నాకు చెప్పలేదు కానీ, ఒకరోజు చూస్తే ఆ ఫొటో లేదు, ఏవో పూలు ఉన్నాయి. అడిగితే "ఫోన్ మార్చానమ్మా" అంది. ఫోన్ అదే. నాకు కళ్లు లేవా? ఆ రోజే అనుకున్నాను, ఏ నోటితో కోటి తాగాడన్నాడో ఆ నోటితోనే తాగలేదని సుబ్బారావు చేత చెప్పించాలని. ఎలాగో మాత్రం తెలియలేదు.

నేను ఇంట్లో మిషను పెట్టుకుని లారీ క్యాబిన్లకు కర్టెన్లు, సీటు కవర్లు కుడతాను. మిగిలిన పీలికలతో దిష్టిబొమ్మలు చేస్తాను. ఆటోనగర్‌లో కొత్త లారీ షెడ్డులోంచి బయటికి రావాలంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, ముందు బంపరుకు దిష్టిబొమ్మ కట్టాలి. అది లేకుండా డ్రైవరు తాళం తిప్పడు. జానెడు గుడ్డబొమ్మ, పొట్టలో బనియన్ వేస్టు, అంటే మెకానిక్కులు చేతుల గ్రీజు తుడుచుకునే గుడ్డముక్కలు, పైన ఏదో ఒక పీలిక చొక్కా, బయటికి చాచిన ఎర్ర నాలుక. మొహం ఎలా ఉన్నా పరవాలేదు, వికారంగా ఉంటే చాలు. ఎదుటివాళ్ల కన్ను లారీ మీద పడకుండా దాని మీద పడాలి.

పీలికల సంచి తెచ్చిపెట్టేదీ, తయారైన బొమ్మలు తీసుకెళ్లి లారీలకు కట్టేదీ అంతోని. అదే షెడ్డులో వెల్డరు. కోటికి ప్రాణస్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడు, నేను అన్నయ్యా అంటాను. కోటి పోయిన రోజున మా మెట్ల మీద తల బాదుకుని ఏడ్చాడు. "టీకెళ్లానమ్మా, ఆ టైముకి నేనుంటే బయటికి లాగేసేవోణ్ణి" అన్నాడు. నా బాధ మరిచిపోయి నేనే ఓదార్చాను. మిగతావాళ్లు కూడా ఎవరి పనిలో వాళ్లున్నామనీ, ఏమీ చూడలేదనీ అన్నారు.

ఒకరోజు అంతోని తెచ్చిన సంచి గుమ్మరిస్తే గంధం రంగు టెర్రికాటన్ ముక్కలు రాలాయి. ఆ రంగు నాకు తెలుసు. ఆటోనగర్‌లో ఆ రంగు సఫారీ వేసేది ఒక్కడే. టైలరు దగ్గర మిగిలిన ముక్కలు అటు తిరిగి ఇటు తిరిగి నా ఒళ్లో పడ్డాయి. చేతిలో సూది ఉంది. ఇంకేం కావాలి?

బొమ్మకు గంధం రంగు సఫారీ తొడిగాను. మీసం నల్లదారంతో, చెంపలు తెల్లదారంతో కుట్టాను. సుబ్బారావుగారు మీసానికే రంగు వేస్తాడు, చెంపల దాకా ఓపిక ఉండదు. ఎడమ కంటి కింద పుట్టుమచ్చకు దారం ముడి వేశాను. సన్నటి వైరు వంచి కళ్లజోడు చేసి నుదుటి మీదకు ఎక్కించాను, ఆయన ఎప్పుడూ అలాగే పెట్టుకుంటాడు. ఇక నాలుక. దిష్టిబొమ్మకు నాలుక ఎలాగూ ఉండాలి కదా, దీనికి ఇంకొంచెం పొడుగ్గానే పెట్టాను. కుడుతుంటే ఏడుపు రాలేదు. సూది గుచ్చినప్పుడల్లా హాయిగా ఉంది. ఉన్నమాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అంతోని దాన్ని చూసి నోరు వెళ్లబెట్టాడు. "చెల్లెమ్మా, ఇది మన…"

"దిష్టిబొమ్మ అన్నయ్యా. కట్టు" అన్నాను.

ఉయ్యూరు చెరుకు లారీకి కట్టాడు. డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. సుబ్బారావు దగ్గర బాడీ కట్టించుకుని ఏడవని లారీవాడు లేడేమో, ఆ ఫొటో అందరి ఫోన్లలోకీ చేరింది. ఆ వారంలోనే హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక ట్యాంకరు అదుపు తప్పి వరసగా బళ్లను గుద్దుకుంటూ వచ్చి, ఈ చెరుకు లారీకి మూరెడు దూరంలో ఆగిపోయింది. ఇంకేముంది, బొమ్మ మహిమ అన్నారు. అప్పటినుంచి డ్రైవర్లు దిష్టిబొమ్మ అని అడగడం మానేసి "సుబ్బారావు బొమ్మ ఉందా అక్కా?" అని మా ఇంటికే వచ్చేవారు. గంధం రంగు గుడ్డ కోసం నేను టైలర్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది. బందరు రోడ్డు మీద, హైవే మీద, ఇసుక లారీలకూ చేపల వ్యాన్లకూ సుబ్బారావుగారు నాలుక చాచి ఊగుతూ తిరిగాడు.

నేను కోరుకున్నది ఆయన నవ్వులపాలు కావాలని. అంతకన్నా పెద్దదే జరిగింది. ఆయన భయపడ్డాడు.

ఒకరోజు మధ్యాహ్నం కారు మా సందులోకి పట్టక మలుపులో ఆపి, నడుచుకుంటూ వచ్చాడు. కుడిచెయ్యి కట్టు కట్టి మెడకు వేలాడదీసి ఉంది. మొహం పీక్కుపోయింది. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"ఏంటమ్మా మల్లీశ్వరీ ఇది? నేన్నీకేం అపకారం చేశాను?"

"దేనిగురించండీ?"

"నీకు తెలీదా? రోడ్డు మీదకెళ్తే నా మొహం నాకే ఎదురొస్తోంది. బెంజి సర్కిల్లో సిగ్నల్ పడితే ముందు లారీకి నేనే వేలాడుతున్నా. బాత్రూంలో జారి చెయ్యిరిగింది. షుగరు దిగట్లేదు. చేతికొచ్చిన ఆర్డర్లు పక్క షెడ్డుకి పోతున్నాయి. పంతులుగార్ని అడిగితే, ఎవరి పోలికతో బొమ్మ కడితే దిష్టంతా వాళ్లకే కొడుతుందన్నారు. అన్ని లారీల దిష్టీ నాకే తగుల్తోందమ్మా. దణ్ణం పెడతా, తీయించెయ్."

లోపల నా గుండె గంతులు వేసింది. దిష్టి మీద నాకు అణా నమ్మకం లేదు. కోటి మీద పడిన లారీకి కూడా నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి ఉన్నాయి. లారీకి దిష్టి తగలకుండా అన్నీ చేశారు, కింద పడుకున్న మనిషికి మాత్రం మంచి జాకీ ఇవ్వలేదు. కానీ సుబ్బారావుగారు నమ్ముతాడు. ఉదయం షెడ్డు తాళం తీసే ముందు ఎదురుగా ఎవరొస్తున్నారో చూసుకునే మనిషి. ఆ నమ్మకమే ఆయన్ను లాక్కొచ్చి నా గుమ్మంలో నిలబెట్టింది.

"తీయించేస్తానండీ. కోటి తాగలేదని చెప్పండి, చాలు."

"దానికేముందమ్మా, తాగలేదు. చెప్పాగా."

ఎంత తేలిగ్గా అన్నాడో! మంచినీళ్లు తాగినంత తేలిగ్గా. చేతుల్ని కొంగులో దాచుకున్నాను.

"నాకు కాదండీ. ఆయుధపూజ నాడు షెడ్డులో చెప్పాలి. ఆ రోజున్న వాళ్లందరి ముందూ. మా అమ్మాయిని తీసుకొస్తాను, అదీ వినాలి."

"పరువు పోద్దమ్మా!"

"అదిప్పుడు చెరుకు లారీల ముందు ఊగుతోంది కదండీ."

కట్టు ఉన్న చెయ్యి సర్దుకుని, తల ఊపి వెళ్లిపోయాడు.

ఆయుధపూజ నాడు షెడ్డంతా కడిగారు. పానాలు, సుత్తులు, డ్రిల్లింగ్ మిషన్లు వరసగా పేర్చి పసుపూ కుంకుమా పెట్టారు. జాకీలకు కూడా బొట్లు పెట్టి బంతిపూలు వేశారు. నేను వాటి వైపు చూడలేకపోయాను. మనోజ్ఞ నా పక్కన నిలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. హారతి అయ్యాక, గుమ్మడికాయ కొట్టే ముందు, సుబ్బారావుగారు ముందుకు వచ్చాడు.

"ఒక్క మాట. కోటి ఆ రోజు తాగలేదు. జాకీ దిగిపోతోందని పొద్దున్నే నాతో చెప్పాడు. డెలివరీ తొందరుంది, ఈ పూటకి కానిచ్చెయ్యమన్నది నేనే. తప్పు నాదే."

అయిపోయింది. దీనికోసమే కదా ఇన్నాళ్లూ సూది గుచ్చింది. ఇప్పుడు వీళ్లంతా నోళ్లు నొక్కుకుంటారు, అయ్యో కోటీ అంటారు, మనోజ్ఞ దగ్గరికొచ్చి తల నిమురుతారు అనుకున్నాను. చుట్టూ చూశాను. ఒక్క మొహం కూడా మారలేదు. ఒకడు మెడ గోక్కున్నాడు. ఇంకొకడు సెల్‌ఫోన్ చూసుకున్నాడు. లారీల మీద పూలూ పక్షులూ వేసే పెయింటరు సాయిగణేష్ "సరే బాబాయ్, గుమ్మడికాయ కొట్టండి, టైమవుతోంది" అన్నాడు.

మనోజ్ఞ నా చెవి దగ్గరికి వంగింది. "అమ్మా, ఎవరూ ఆశ్చర్యపోలేదేంటి? వీళ్లందరికీ ముందే తెలుసా?"

అంతోని ఎక్కడున్నాడా అని వెతికాను. కంప్రెసర్ వెనక నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్లాను.

"అన్నయ్యా, నువ్వు టీకెళ్లావు కదా?"

తల ఎత్తలేదు. "వెళ్లలేదమ్మా. పక్కనే ఉన్నా. జాకీ సంగతి కోటి చెప్తుంటే విన్నా. పోలీసులొచ్చి అడిగితే, తాగున్నాడని అందరం ఒకే మాట మీదున్నాం. పిల్లలున్నారు చెల్లెమ్మా. పని పోద్దని భయమేసింది."

ఇన్నాళ్లూ సుబ్బారావు మీద కోపంతో బతికాను. ఆ కోపం ఏపాటిదని అప్పుడనిపించింది. ఆయన పరాయివాడు, షెడ్డు కాపాడుకోవడానికి అబద్ధమాడాడు. వీళ్లు మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లు. నా బొమ్మలు చూసి పగలబడి నవ్వినవాళ్లు. నేను ఆ నాలుక కుట్టిన ప్రతిసారీ నిజం వాళ్ల నోళ్లలోనే ఉంది. పెట్టిన ప్రసాదం అక్కడే వదిలేసి, మనోజ్ఞను తీసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం మనోజ్ఞ ఫోన్‌లో వాళ్ల నాన్న ఫొటో మళ్లీ కనిపించింది. అది చూశాక ఏడుపు ఆగలేదు, తనివితీరా ఏడ్చాను.

ఇచ్చిన మాట తప్పే అలవాటు నాకు లేదు. ఏ లారీకి సుబ్బారావుగారి బొమ్మ కనిపించినా డ్రైవర్‌ను బతిమాలి ఊడదీయించాను. మిగిలిన గంధం రంగు గుడ్డ పొయ్యిలో వేశాను. మళ్లీ ఆ మొహం కుట్టలేదు.

దసరా వెళ్లిన తర్వాత ఒక ఉదయం అంతోని పీలికల సంచి పట్టుకుని వచ్చాడు. రాడనుకున్నాను. అరుగు మీద సంచి పెట్టి, నా ఒళ్లో ఉన్న బొమ్మ చూసి ఆగిపోయాడు. దానికి నీలం డ్రిల్లు గుడ్డ చొక్కా తొడిగాను. నల్ల రెక్సిన్‌తో వెల్డింగ్ కళ్లద్దాలు, నెరిసిన గడ్డం, నిప్పురవ్వ పడి సగం కాలిన కనుబొమ్మ కుట్టాను. నాలుక పెట్టలేదు. నోటి మీద అడ్డంగా, దగ్గరదగ్గరగా, గట్టి కుట్లు వేశాను.

"ఇది నేనే కదమ్మా" అన్నాడు.

"కట్టు అన్నయ్యా. ఎప్పుడూ కట్టేది నువ్వేగా."

రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "సుబ్బారావుగారు చెప్పాడని ఆయన్ని వదిలేశావుగా చెల్లెమ్మా. నేనూ చెప్తా. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తా."

"నువ్వు చెప్పాల్సిన రోజు నువ్వు టీకెళ్లావు అన్నయ్యా" అన్నాను.

బొమ్మను చొక్కా లోపల దాచుకోబోయి, నా వంక చూసి, మళ్లీ చేత్తోనే పట్టుకుని సందులోంచి నడిచి వెళ్లాడు. నేను సంచి విప్పి పీలికలు వేరుచేయడం మొదలుపెట్టాను. పెయింటరు సాయిగణేష్ బొమ్మ చొక్కాకు పూలపూల గుడ్డ కావాలి.