చేతికిచ్చిన చెంబు

లీలమ్మ బుధవారం పొద్దెక్కకముందే పోయింది. మధ్యాహ్నానికల్లా మట్టి చేశారు. కలరా గత్తరతో పోయినవాళ్లను ఎక్కువసేపు ఉంచవద్దని ఊళ్లో కట్టడి. నకిరేకల్ నుంచి పాస్టరు వచ్చేసరికి ఆలస్యమవుతుందని ఆమె భర్త ఇస్రాయేలు పంతులే వాక్యం చదివాడు. బడిలో పాఠం చెప్పినట్టే చదివాడని తర్వాత ఎవరో అన్నారు.

మిషన్ బడికి ఆయన ఒక్కడే పంతులు. పెళ్లికి ముందు లీలమ్మ మిషన్ దవాఖానలో పనిచేసింది. ఆ ఏడు వానల మొదట్లో నేతవాళ్లుండే సాలెవాడలో గత్తర పుట్టినప్పుడు, సూదులు వేసేవాళ్లు రాకముందే ఆమె ఇల్లిల్లూ తిరిగింది. తాగే నీళ్లు మరగకాచమని చెప్పింది. పడ్డవాళ్లకు ఉప్పేసిన గంజి తాగించింది, వాంతులు ఎత్తిపోసింది. ఇంత ఎందుకని ఇస్రాయేలు ఒకసారి అడిగితే, "ప్రభువైతె ఇంట్ల కూసుంటుండెనా?" అని తన పనిలో పడిపోయింది.

ఆ వాడలో ముసలి గోవిందమ్మ ఒక్కతే ఆమె మాట వినలేదు. "ఉడుకునీళ్లు పీనుగుకు పోస్తరు పిల్లా, మనిషికి గాదు" అని వెక్కిరించేది. చివరికి గోవిందమ్మ కోడలు ఆండాళే పడిపోయింది. లీలమ్మ మూడు రోజులు ఆ మంచం దగ్గర కూర్చుంది. ఆదివారం నాటికి ఆండాళు కళ్లు తెరిచి ఆకలైతుందన్నది.

లీలమ్మ ఇంటికి బయలుదేరుతుంటే, గోవిందమ్మ అప్పుడే తోడిన బావినీళ్లు ఇత్తడి చెంబుతో తెచ్చి చేతికిచ్చింది. ఆ వాడలో ఇస్రాయేలు, లీలమ్మల కులంవాళ్లు దాహమంటే దోసిలి పట్టాలి. ఇంటివాళ్లు పైనుంచి పోస్తారు. యేసును నమ్ముకున్నా అంతే. చెంబు చేతికివ్వడం అదే మొదలు.

"ఎత్తి పోసుకోలే. మూతి పెట్టి తాగిన. ఆమె సూస్తనే ఉన్నది, ఏమనలే" అని ఆ సాయంత్రం లీలమ్మ నవ్వుతూ చెప్పింది.

"రేపు గా చెంబును నిప్పుల్ల కాలుస్తదేమో సూడు" అని ఇస్రాయేలు కూడా నవ్వాడు. ప్రార్థనలో ఆ చెంబు కోసం దేవునికి స్తోత్రం చెప్పాడు. ఆ నీళ్లు కాచినవేనా అని మాత్రం అడగలేదు. కాచినవి కావని ఆమెకు తాగేటప్పుడే గుర్తొచ్చినా, చేతికిచ్చిన చెంబును కాదనలేకపోయిందేమో. మంగళవారం వాంతులు మొదలయ్యాక అది అడిగే వీలు లేకపోయింది.

శుక్రవారం గోవిందమ్మ బడి వసారాలోకి వచ్చి నిలబడింది. మగ్గం మీది పడుగు నూలుకు పట్టించిన గంజి ఆమె చేతుల మీద ఎండిపోయి ఉంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

"సారూ, నువ్వు బైబిలు సదివేటోనివి, అబద్ధమాడవు. లీలమ్మ పోయింది నేనిచ్చిన నీళ్లతోనేనా?"

ప్రతి ఆదివారం సంఘానికి పది ఆజ్ఞలు చదివి వినిపించేది ఆయనే. నీళ్లతోనే అని ఆయనకు తెలుసు. అవునంటే ఆ ముసలామె ఇంక ఎవరి చేతికీ చెంబు అందించదనిపించింది. తన భార్యకు చివరగా దక్కిన సంతోషం అదొక్కటే.

"కాదవ్వా. ఆమెకు ముందే సోకింది" అన్నాడు.

గోవిందమ్మ వసారాలోనే కూలబడి ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "గట్లయితె నీళ్లు కాసుడెందుకు సారూ? బావినీళ్లల్ల ఏం లేకపాయె గద" అన్నది.

ఎందుకైనా మంచిది కాచుకో అన్నాడు. ఆమె తలూపింది గానీ, కాచదని ఆయనకు అర్థమైంది.

మర్నాటి నుంచి ఇస్రాయేలు బడి గంటకు ముందే కట్టెల మోపుతో గోవిందమ్మ వాకిట్లోకి వెళ్లేవాడు. పొయ్యి రాజేసి, నీళ్లు మరగకాచి, చల్లారాక కుండలో పోసి వచ్చేవాడు. పెండ్లాం చేసిన పని ఇడవబుద్ధి కాక సారు చేస్తున్నాడని వాడలో అనుకున్నారు. గోవిందమ్మ వద్దనలేదు. దసరా నాటికి గత్తర తగ్గింది. ఆ ఇంట్లో మరెవరూ పడలేదు.

చలికాలం పోయింది, ఎండలూ పోతున్నాయి. నీళ్లు కాచుకునే ఇళ్లు ఒక్కొక్కటే మానేశాయి. బావినీళ్లతో ఏం కాదని ఇస్రాయేలు సారే చెప్పిండని గోవిందమ్మ వాడంతా చెబుతోంది. సారు అబద్ధమాడడని వాడకు తెలుసు.

వానలకు ఇంకో పదిహేను రోజులున్నాయి. ఇస్రాయేలు ఆమెకు ఇంకా నిజం చెప్పలేదు.