రద్దు అంటే పోవడం కాదు

పరీక్ష మధ్యలో లాప్‌టాప్ కూత పెడుతుందని, ఆ కూతకు పిల్ల లేస్తుందని, పిల్ల లేస్తే రాబోయే ఉద్యోగం వచ్చిన దారినే పోతుందని. పిల్లతల్లికి ఉన్న భయాలన్నిటిలో పెద్దది ఇదే. చిన్నవి చాలానే ఉన్నాయి, అవి చెప్పుకుంటూ కూర్చుంటే పొద్దు చాలదు.

ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేసేదే. చెవిలో వినిపించిన మాటను విన్నది విన్నట్టు తెలుగులో టైపు కొట్టాలి. తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించినా అక్షరం మీద ఆమెకు పట్టు సడల్లేదు. కానీ పరీక్ష జరుగుతుండగా తెర మీద ఇంకో విండో తెరుచుకుంటే, కాపీ కొడుతున్నారని పరీక్ష అక్కడికక్కడే ఆపేస్తారట. కెమెరా ముందు నుంచి లేచినా, పక్కకు చూసినా, నోరు విప్పినా అంతేనట. మళ్లీ రాయనివ్వరట.

కొత్త లాప్‌టాప్‌తోపాటు ఎవరూ పిలవకుండానే, వైరస్‌లు రాకుండా చూస్తానంటూ ఒక కాపలా సాఫ్ట్‌వేర్ దిగబడింది. దొంగల్ని పట్టిన పాపాన పోలేదు గానీ, గడువు అయిపోతోంది నన్ను కొనుక్కోండంటూ పూటకోసారి తెరకు అడ్డంగా నిలబడి సైరన్ మోగించేది. ఇల్లరికపు అల్లుడైనా అప్పుడప్పుడు వీధిలోకి వెళ్లొస్తాడు. దీనికి ఆ సిగ్గూ లేదు.

ఆమె ఊరుకోలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాప్స్ వరసలో దాన్ని వెతికి పట్టుకుని, అన్‌ఇన్‌స్టాల్ నొక్కింది. అది చక్కటి తెలుగులో అడిగింది, 'మీరు తొలగింపును రద్దు చేయాలనుకుంటున్నారా?' అని. రద్దంటే పీడ వదలడమే కదా అని 'అవును' నొక్కింది. 'ధన్యవాదాలు' అంటూ ఒక నవ్వు మొహం కనిపించింది. పోతూ పోతూ మర్యాదగానే పోయిందనుకుంది. పిల్ల కునుకు తీసిందో లేదో, సైరన్. మళ్లీ తీసేసింది, మళ్లీ ధన్యవాదాలు, మళ్లీ సైరన్.

పరీక్ష రోజున, లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు పిల్లను చూసుకోవడానికి సెలవు పెట్టాడు. ఇంకాసేపట్లో పరీక్షనగా ఆమె మళ్లీ అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, ఏడుపు మొహంతో లాప్‌టాప్ అతని ముందుకు తోసింది. పిల్లను భుజాన వేసుకుని అతను ఆ ప్రశ్న చదివాడు, బుర్ర గోక్కున్నాడు, ఇంకోసారి చదివి ముక్కుతో నవ్వాడు.

"మొన్న మీ అమ్మ దగ్గరికి ప్రయాణం రద్దు చేసుకున్నావు. వెళ్లావా?"

"ఎక్కడ వెళ్లాను? ఇక్కడే పడి మీ మొహం చూస్తున్నా."

"అదీ అంతే. పోవడం రద్దయింది, ఇక్కడే పడి నీ మొహం చూస్తోంది."

ఆమె లాప్‌టాప్ తనవైపు లాక్కుని ఆ ప్రశ్న మళ్లీ చదివింది. ఇన్నాళ్లూ తను దాన్ని గెంటలేదు. గడప దాటబోతున్నదాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, పీట వేసి కూర్చోబెట్టింది. ధన్యవాదాలు చెప్పిందంటే చెప్పదూ మరి.

ఈసారి 'కాదు' నొక్కింది. అది బతిమాలింది, బెదిరించింది, చివరికి ఎందుకు వెళ్లగొడుతున్నారో కారణం రాయమంది. చేతికి సాధన అవుతుందని, 'పిల్ల పడుకోవాలి, నోరు మూసుకుని పో' అని ఒక్క అచ్చుతప్పు లేకుండా కొట్టింది. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేసింది. వరసలో దాని పేరు లేదు.

మొగుడు పిల్లను తీసుకుని పక్కగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. పరీక్ష మొదలైంది. ఒక చెవిలో ఎవరిదో గొంతు నీళ్ల ట్యాంకు ఎలా కడగాలో చెబుతోంది. వేళ్లు పరుగెడుతున్నాయి. తెరకు ఏదీ అడ్డం రాలేదు. రెండో చెవి మాత్రం పక్కగది మీదే ఉంది. పిల్ల నవ్వింది, ఏదో దొర్లింది, ఆ తర్వాత చప్పుడు లేదు. అస్సలు లేదు.

పాకే పిల్ల ఉన్న గదిలో చప్పుడు లేకపోవడమంటే ఏమిటో పిల్లలు గలవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా ఆ మహానుభావుడికి కూర్చున్నచోటే నిద్రపోయే విద్య ఒకటుంది. ఆమె లేవడానికి లేదు, కేకేయడానికి లేదు, తెర మీంచి చూపు తిప్పడానికి లేదు. కాబట్టి ఇది చదువుతున్నవారే కాస్త పుణ్యం కట్టుకోవాలి. ఆ తలుపు మెల్లిగా తోసి, పిల్ల ఎక్కడుందో, నోట్లో ఏం పెట్టుకుందో ఒకసారి చూసి రండి.