ఇరవై ఒక్క రోజుల ఉపవాసం

కోదాడ నుంచి జానమ్మ ఫోన్ చేసేసరికి మరియమ్మ మిర్యాలగూడ రైస్ మిల్లులో ఆరబోసిన వడ్లను కాళ్లతో తిరగేస్తోంది. జానమ్మ ఆమెకు వరసకు వదిన. కోదాడ బయట ఉన్న ఒక ప్రార్థన మందిరంలో వంట చేస్తుంది. ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది.

"వదినా, నేను చెప్పిన్నని ఎవ్వరితోని అనకు. వచ్చి మీ వినయ్‌ను తీస్కపో. మూడు దినాల సంది నీళ్లు గూడ సరిగ ఇస్తలేరు. ఇద్దరు రెక్కలు పట్టుకుంటరు, ఒకాయన నెత్తిన నూనె పోసి చెంపలు వాయిస్తడు. దయ్యం మొండిగున్నదంట."

మరియమ్మ కాళ్లు వడ్లలోనే ఆగిపోయాయి. తర్వాత మేస్త్రికి ఒక్క మాటైనా చెప్పకుండా, దుమ్ము చీరతోనే బస్టాండుకు నడిచింది. నడుస్తున్నాననుకుంది గానీ సగం దూరం పరుగెత్తింది.

కోదాడ బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా కూర్చోలేకపోయింది. కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు చేతిలో పెట్టి, "కూసో అమ్మా, గంటన్నర పడ్తది" అన్నాడు. కూర్చుంది. రెండు స్టాపులు దాటాక మళ్లీ లేచి డ్రైవరు వెనక నిలబడింది. తాను నిలబడితే బస్సు తొందరగా పోతుందేమో అన్నట్టుంది ఆమె వాలకం.

కొడుకును అక్కడ వదిలిపెట్టి వచ్చింది తనే. తొమ్మిది రోజులైంది.

వినయ్‌కు ఇరవై ఆరేళ్లు. సూర్యాపేటలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. శనివారం సాయంత్రం సొంతూరు వేములపల్లికి వస్తాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. వాడు వాయిస్తుంటే ముసలోళ్లు కూడా తాళం తప్పకుండా పాడతారని మరియమ్మకు లోలోపల గర్వం. ఆమె చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకు పెద్ద. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు ఆమెనే పిలిచి ప్రార్థన చేయించుకుంటారు.

రెండు వారాల కింద పెన్‌పహాడ్ నుంచి నవనీత అనే నర్సు పిల్ల సంబంధం వచ్చింది. వినయ్ వద్దన్నాడు.

"పిల్లకేం తక్వైందిరా?"

"ఏం తక్వ లేదు. మంచి పిల్ల. మంచి పిల్ల గాబట్టే చేస్కోను." కాసేపు గోడకేసి చూసి, ఆ తర్వాత మొత్తం చెప్పేశాడు. "అమ్మా, నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. చిన్నప్పటి సంది గింతే. నా రూముల సుధీర్ ఉంటడు గదా, మొబైల్ షాపుల చేస్తడు. నాకు వాడంటేనే ప్రాణం. నీకు గాక ఇంకెవలికి చెప్పాలె?"

అంత నమ్మకంతో చెప్పిన మాటను ఆమె ఒక్క రాత్రి కూడా దాచలేకపోయింది. తెల్లారి వాడు లేవకముందే పాస్టరు ఇంటికి వెళ్లి ఏడ్చింది. అది అపవిత్రాత్మ అన్నాడు పాస్టరు. ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థనలో పెడితే వదులుతుందన్నాడు. కోదాడ మందిరానికి ఆయనే ఫోన్ చేశాడు. మరియమ్మ కొడుకు కాళ్లు పట్టుకుంది. వాడు ఆమెను లేవనెత్తాడు. "నీ తృప్తి కోసం పోత. ఒక్కసారే" అన్నాడు చివరికి. గేటు దగ్గర వాడి ఫోను తీసుకున్నారు. అప్పుడైనా ఆమెకు అనుమానం రాలేదు.

హుజూర్‌నగర్ దాటింది. బస్సు అడుగడుక్కీ ఆగుతున్నట్టే ఉంది. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంది. 'ప్రభువా' అన్నాక తర్వాతి మాట రాలేదు. ఊరందరి కోసం గంటలకొద్దీ ప్రార్థించే నోరు అది.

మందిరం గేటు దగ్గర ఆపుతారనుకుంది. ఆపలేదు. అక్కడి పెద్ద, కోస్తా మాటతీరు మనిషి, నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రండమ్మా, సరైన సమయానికే వచ్చారు. ఈ రోజు మీ అబ్బాయికి విడుదల వస్తుంది. తల్లి మాటకి బలం ఎక్కువ. తల మీద చెయ్యి పెట్టి, వదిలి పొమ్మని మీరే గద్దించండి."

లోపలి గదిలో వినయ్ చాప మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నూనెతో ఒంటికి అతుక్కుపోయింది. పెదాలు పగిలాయి. మణికట్ల మీద వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. తల్లిని చూసి లేవలేదు, కోప్పడలేదు. చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసే పిల్లాడు, అరిగిపోయిన గొంతుతో బతిమాలాడు.

"పోయిందని చెప్పమ్మా. నువ్వు చెప్తే ఇడిసిపెడ్తరంట. నవనీతను గూడ చేస్కుంట. చెప్పు, ఇంటికి పోదాం."

ఆమె వాడి తల మీద చెయ్యి పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. అరచేతి కింద వాడి తల వణుకుతోంది. ఇప్పుడు ఒక్క అబద్ధం ఆడితే అందరికీ సరిపోతుంది. పాస్టరు మెచ్చుకుంటాడు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటారు. ఆ తర్వాత నవనీత పెళ్లికూతురై ఇంటికొస్తుంది.

"అయ్యగారూ," అంది మరియమ్మ. ఎవరూ వినలేదు. "అయ్యగారూ!" అని అరిచింది.

ప్రార్థనలు ఆగిపోయాయి.

"పోనీకి వానికి ఏం పట్టిందని? వీడు నా కొడుకు. పుట్టినకాడి నుంచి గిట్లనే ఉన్నడు. నేనే ఎర్కలేక తెచ్చి మీ చేతుల పెట్టిన. లే బిడ్డా."

"మీ విశ్వాసం తడబడుతోందమ్మా. ఈ గేటు దాటితే అంతకంటే ఘోరమైనది పడుతుంది. ఆ పాపం మీదే అవుతుంది."

ఆమెకు భయమేసింది. ఆ మాటలు నమ్మే పెరిగిన మనిషి. అయినా కొడుకు రెక్క తన భుజం మీద వేసుకుని లేపింది. తలుపు దగ్గర ఇద్దరు అడ్డం నిలబడ్డారు. "జరుగుండ్రి, లేకుంటే పోలీసులకు ఫోన్ చేస్త" అంది. ఆ ఫోన్ ఎలా చేయాలో, పోలీసులు ఎవరి వైపు ఉంటారో ఆమెకే తెలియదు. వాళ్లు జరిగారు. గేటు దగ్గర వాడి ఫోను అడిగి తీసుకుంది.

కోదాడలో వాడికి కొబ్బరినీళ్లు తాగించి, సూర్యాపేట బస్సు ఎక్కించింది. ఎక్కగానే వాడు ఎవరికో మెసేజ్ పెట్టాడు. హైవే మీద బస్సు దూసుకుపోతోంది. ఘోరమైనది ఏదో వెనకాల వస్తున్నట్టు ఆమె మాటిమాటికీ వెనక అద్దంలోంచి చూసింది.

సూర్యాపేట దగ్గరపడుతుండగా వినయ్ నోరు తెరిచాడు.

"పాస్టరుకు నువ్వే చెప్పినవ్ గదా?"

"నేనే."

"నీకొక్కదానికే చెప్పిన్నమ్మా."

బస్టాండులో దిగాక వాడి వెంట నడవబోతే ఆపాడు. "వద్దు. నేను పిలిచేదాక రాకు." గేటు బయట ఒక సన్నటి పిల్లాడు బైకు మీద ఎదురుచూస్తున్నాడు. వినయ్‌ను చూసి అతని మొహం పాలిపోయింది. సుధీరే అయ్యుంటాడనుకుంది. ఇద్దరూ బైకు మీద వెళ్లిపోయారు.

ఆదివారం పాస్టరు పేరెత్తకుండా, లోకాన్ని ఇంట్లోకి రానిచ్చిన తల్లుల గురించి వాక్యం చెప్పాడు. అందరూ ఆమె వైపే చూశారు. కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం పంచేవాళ్లు ఆమె వరసలోకి వచ్చి, ఆమెను దాటి, పక్కామెకిచ్చారు. స్త్రీల కూడికను ఇంకొకరికి అప్పగించారు. ఆమె లేచి వెళ్లలేదు. చివరి పాట దాకా కూర్చుంది.

తర్వాతి ఆదివారమూ వెళ్లింది. రోజూ సాయంత్రం వినయ్‌కు ఫోన్ చేసేది. వాడు ఎత్తేవాడు కాదు.

నలభై రోజులకు వాడే చేశాడు. మిల్లులో ఉంది. చేతులకంటిన పొట్టు తుడుచుకోకుండానే ఎత్తింది.

"ల్యాబుకు పోతున్న. మంచిగనే ఉన్న" అన్నాడు. "ఇంకా ఆ చర్చికే పోతున్నవా?" అని అడిగాడు.

"పోతున్న. నన్నెవల్లు పలకరిస్తలేరు. అయినా పోతున్న."

"ఎందుకమ్మా?"

"ఎర్కలేదు బిడ్డా. నేను ఇంకేడికి పోయి ఏడ్వాలె?"

అవతల వాడి వెనకాల ఎవరో ఏదో అడుగుతున్నారు, వినయ్ ఆగమంటున్నాడు.

"ఆదివారం వస్తవా?" అన్నాడు.

"ప్రార్థన అయినంక వస్త."

"ప్రార్థన అయినంక," అని వాడు అదే మాట మళ్లీ అన్నాడు. ఆ గొంతులో కోపముందో నవ్వుందో ఆమెకు తెలియలేదు. అంతలోనే ఫోను పెట్టేశాడు.

మరియమ్మ మేస్త్రి దగ్గరికి వెళ్లి, సూర్యాపేటకు ఆదివారం మధ్యాహ్నం ఏయే బస్సులుంటాయో అడిగింది.