అడుగు లేని కుండ

చక్రం మీంచి దిగిన కుండకి అడుగుండదు. మామగారు పచ్చి కుండల్ని దారంతో కోసి నీడలో పెట్టి, తన సృష్టి అంతటితో పూర్తయినట్టు టీ తాగడానికి వెళ్ళేవాడు. అప్పుడు అత్తగారు కుండలోకి ఎడమచెయ్యి పెట్టి, గుండ్రాయి ఆనించి, బయటినుంచి చెక్కతో తట్టి తట్టి అడుగు మూసేది. సంతలో మాత్రం అవి ఆయన చేసిన కుండలే.

ఆ వీధిలో కొందరు పిల్లలూ అలాగే దిగేవారు. వీపులో గుప్పెడంత చిల్లు. నెత్తురుండదు, చీకటుంటుంది. తాగిన పాలు కారిపోయేవి. చెవి దగ్గర పెడితే ఖాళీ కుండలో ఊదినట్టు హోరు. కొన్నాళ్ళకి ఆ హోరు ఆగిపోయేది. కొన్నిళ్ళకి చెదలు పడతాయి, కొన్నిళ్ళకి ఇది.

కోడలికి అలాంటి ఆడపిల్లే పుట్టింది.

ప్రార్థనలు చేయించే పెద్దాయన వచ్చి, పిల్లని దూరంనుంచే చూసి, తల్లి సహనానికి ఇదో పరీక్ష అన్నాడు. పరీక్షలన్నీ తల్లులకేనా, తండ్రులు పుట్టుకతోనే పాసయ్యారా అని అత్తగారు అడిగింది. మామగారు దగ్గాడు. కొడుకు గోడ చూశాడు. పెద్దాయన నొచ్చుకోలేదు. ఎప్పుడో ఈవిడ మొదటి కూతురు ఇలాగే చిల్లుతో పుట్టినప్పుడూ ఆయనే వచ్చాడు. అప్పుడీవిడ నోరెత్తలేదు.

“దేవుడు వదిలేశాడమ్మా,” అన్నాడు మెత్తగా. “మీరూ వదిలేయండి.”

కోడలు పిల్ల వీపుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వేళ్ళ సందుల్లోంచి పాలు కారుతున్నాయి. “చెయ్యి తియ్యలేను అత్తయ్యా,” అంది.

అత్తగారు నీడలో ఉన్న కుండలవైపు చూసింది. వదిలేయడమన్న మాట ఆ ఇంట్లో రోజూ వినబడేదే. మీ మామ ఇవాళ ఎన్ని వదిలాడే అని ఆవిడే కోడల్ని అడిగేది. అడుగు తట్టాల్సినవి ఎన్నని.

“వదిలేశాడంటే పారేశాడని మీకెవరు చెప్పారు?” అంది. “మీరెప్పుడైనా కుండ చేశారా?”

అపచారం అన్నాడు పెద్దాయన. ఆవిడ అప్పటికే గుండ్రాయి తీసింది.

రాయి పట్టిన ఎడమచెయ్యి చిల్లులోకి పెట్టింది. పిల్ల గుప్పెడే గానీ, చెయ్యి మోచేతిదాకా వెళ్ళింది. లోపల చలి. అక్కడెవరో ఆవిడ చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, రాయి తీసుకున్నారు.

ఆవిడ చెయ్యి లాక్కుంది. కాసేపు ఊపిరి పీల్చుకుని, కుడిచేత్తో అంచుకి తడిమట్టి అద్ది, చెక్కతో మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. ఎక్కడ తడితే అక్కడ, లోపలినుంచి రాయి వచ్చి ఆనింది. ఒక్క దెబ్బా తప్పలేదు. చిల్లు మూసుకుంది. మట్టి చర్మం రంగుకి తిరిగింది. కోడలు పాలు పట్టింది. ఒడి తడవలేదు.

“లోపల ఎవరు?” అన్నాడు పెద్దాయన.

“ఇన్నాళ్ళూ ఆయన తరఫున మాట్లాడింది మీరేగా.”

చేతులు కడుక్కోబోయి ఆవిడ ఆగింది. మట్టి ముట్టని ఎడమచేతి మీద తడిమట్టి వేళ్ళ గుర్తులున్నాయి. పని మధ్యలో ఉన్నవాళ్ళ వేళ్ళు.

మొదటి కూతురి లోపలా ఆ చెయ్యి చాచుకునే ఉండుంటుంది, రాయి అందిస్తారని.