రబ్బరుబ్యాండు వేసిన ఏడు పుస్తకాలు

పిల్లల ఫాంటసీ నవలల మీద సమీక్షలు నా పేరుతో వస్తాయి కానీ, అసలు సమీక్షకురాలు మా అక్క కూతురు. ఇంట్లో దాన్ని పిడుగు అంటాం. విసుగొచ్చిన పేజీకి పైమూల మడిచేది, భయమేసిన పేజీకి కిందమూల. ఆ మడతలు చూసి నేను పత్రికకు రాసేవాణ్ణి. మంత్రగత్తెల సంగతి నాకేం తెలుసు? పగలంతా ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుకునే మనిషిని. మా ఇద్దరికీ ఒకటే నియమం: చివరి అధ్యాయం ఎవరూ ఒంటరిగా చదవకూడదు. ఆదివారం మధ్యాహ్నం వంటింటి గట్టు మీద అది, కింద పీట మీద నేను, చెరో పేజీ పైకి చదువుకునేవాళ్ళం.

బావకు బదిలీ అయి వాళ్ళు వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. బస్సులో ఆరు గంటల దూరం. పత్రికవాళ్ళిచ్చే రెండు ప్రతుల్లో ఒకటి దానికి పోస్టు చేస్తూ వచ్చాను. మొదట్లో ఫోనులో ఒకటే వాగుడు. రానురాను "బాగుంది మామయ్యా" అని ముక్తసరిగా సరిపెట్టేది. ముగింపు ఎలా ఉందంటే మాట మార్చేది. పదకొండేళ్ళొచ్చాయి, కొత్త స్నేహితులు దొరికారు, ఇక మామయ్యతో ఏం పని అనుకున్నాను. పిలవందే వెళ్ళేది లేదని భీష్మించుకు కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఆదివారాలు గడవక చచ్చాను. కోపంకొద్దీ అప్పటిదాకా వచ్చిన ఏడు పుస్తకాల చివరి అధ్యాయాలూ ఒక్కణ్ణే చదివేశాను. ఒక్కటీ రుచించలేదు.

ఆ ఉక్రోషమంతా ఏడో పుస్తకం సమీక్షలో వెళ్ళగక్కాను. అది నీడలు కుట్టే దర్జీపిల్ల కథ. ఈ కాలం పిల్లలు దేన్నీ చివరిదాకా చదవరని ఎత్తిపొడిచి, కాబట్టి ముగింపు నేనే చెప్పేస్తున్నానని, ఆ పిల్ల తన నీడను కత్తిరించి తమ్ముడికి ఇచ్చేస్తుందని రాసి పడేశాను. ఇన్నేళ్ళలో ఏ పుస్తకం ముగింపూ బయటపెట్టినవాణ్ణి కాదు. ఇది మీరు రాసిందేనా అని సంపాదకురాలు రెండుసార్లు అడిగింది. వేసెయ్యండి అన్నాను మొండిగా.

సమీక్ష అచ్చయిన ఆదివారం పొద్దున్నే పిడుగు ఫోను చేసింది. ఏడుస్తోంది.

"ముగింపు ఎందుకు రాశావు మామయ్యా? నేనింకా చదవలేదు."

పుస్తకం పంపి నెలైంది, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని గద్దించాను.

"చివరి అధ్యాయం ఒక్కటే చదవలేదు. ఏడు పుస్తకాల్లోనూ అంతే. నువ్వొస్తే కలిసి చదువుదామని అక్కణ్ణుంచి రబ్బరుబ్యాండు వేసి పెట్టా."

మరి ఆ ముక్క చెప్పలేదేమే అంటే, మన నియమం నీకు మళ్ళీ చెప్పాలా అంది. రోజూ వస్తావనే అనుకున్నానంది. నేను పిలుపు కోసం చూస్తుంటే అది నా కోసం చూసింది. ఎనిమిది నెలలు. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

మిగతా ఆరూ కూడా చదివేశావా అని నెమ్మదిగా అడిగింది.

"లేదమ్మా. నీకోసమే ఆపాను."

అటువైపు రబ్బరుబ్యాండు లాగి వదిలిన చప్పుడు వినిపించింది.

"సరే, రా. కానీ చదివేసినట్టు మొహం పెట్టకు."

పదింటి బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, ఆరు ముగింపుల్నీ మరిచిపోవాలని దారి పొడుగునా ప్రయత్నించాను. దిగేసరికి అన్నీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.