ఎడమచేతి ఆర్టెమిస్

నేనొక కాగితాన్నే గానీ, చింపి పారేసే రకాన్ని కాను. రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఒక పనివాడు రాగిరేకు మీద గీతలు చెక్కి, సిరా పూసి నన్ను అచ్చు తీశాడు. నా మీదున్నది గ్రీకుల వేటదేవత ఆర్టెమిస్ విగ్రహం. పక్కన లేడి. భుజం మీది అమ్ములపొదిలోంచి బాణం తీస్తున్న చెయ్యి. అయితే ఆ మహానుభావుడు రేకు మీద బొమ్మను తిరగేసి చెక్కడం మరిచాడు. అచ్చులో కుడి కాస్తా ఎడమైంది. అందుకని నన్ను కారుచౌకగా అమ్మేశారు.

ఒక దొరతో ఓడెక్కి ఈ సముద్రతీరపు పట్నానికొచ్చాను. దొర నన్ను ఇక్కడి జమీందారుకు బహుమతిగా ఇచ్చాడు. ఆయనకు నేనెంత నచ్చానంటే, అసలు ఆర్టెమిస్ విగ్రహానికి పాలరాతి నకలును ఇటలీ నుంచి తెప్పించి తోటలో నిలబెట్టాడు. కాలం గడిచింది. తోట పార్కయింది, నేను గ్రంథాలయం బీరువాలో పడ్డాను.

ఒక తుపానుకు చెట్టు కూలి విగ్రహం కుడిచెయ్యి నుగ్గునుగ్గయింది. ఆ చెయ్యి ఎలా ఉండేదో చూపించే ఫోటో ఊళ్లో ఒక్కటీ లేదు. దాని ముందు ఫోటోలు దిగినవాళ్లంతా తమ మొహాలు నిండుగా పడితే చాలనుకున్నారు మరి!

"పీకేసి సిమెంటు ఫౌంటెన్ కడదాం" అన్నాడు మునిసిపాలిటీ ఇంజినీరు.

"నేను చేస్తాను, చెయ్యి ఎలా ఉండేదో చూపించండి" అంది అనసూయ. రాతిచెక్కడానికి పేరుపడ్డ దుర్గి ఊరి శిల్పుల ఇంటిపిల్ల. వాళ్లింట్లో మగవాళ్లు చెక్కితే ఆడవాళ్లు నునుపు పెట్టాలి. ఉలి పట్టుకుంటానని తండ్రితో పోట్లాడి వచ్చింది.

గ్రంథపాలకుడు మొహిద్దీన్ గారికి నేను గుర్తొచ్చాను. దుమ్ము దులిపి బల్ల మీద పరిచారు.

ఇంజినీరు పకపకా నవ్వాడు. "ఏమ్మా, ఇది ఎడమచెయ్యి. విరిగింది కుడిచెయ్యి. ఇదేదో వేరే బొమ్మ!"

సిగ్గుతో చచ్చిపోయాను. అనసూయ మాత్రం నా వైపు చాలాసేపు చూసింది. "మేష్టారూ, ఆ కిటికీ తలుపులు తీయండి."

నన్ను మెల్లగా ఎత్తి, వెనక వైపు తిప్పి ఎండకెదురుగా పట్టింది. నా గీతలన్నీ అవతలికి తేలాయి. మడిచిన మోచెయ్యి, బాణాన్ని అందుకున్న వేళ్లు.

"ఇప్పుడు చెప్పండి సార్, ఏ చెయ్యి?"

ఇంజినీరు ఫౌంటెన్ మాట మళ్లీ ఎత్తలేదు.

నలభై రోజులు ఉలి మోగింది. విగ్రహం మీది గుడ్డ తీసిన ఉదయం మొహిద్దీన్ గారు నన్ను పటం కట్టించి పార్కుకు తెచ్చారు. ఊరంతా చప్పట్లు కొడుతోంది. అనసూయ తండ్రి మౌనేశ్వరాచారి మాత్రం నేరుగా పరంజా ఎక్కాడు. కళ్లు మూసుకుని భుజం నుంచి వేళ్ల దాకా తడిమాడు. మళ్లీ తడిమాడు.

"అతుకెక్కడే?" అన్నాడు.

"వెతుక్కో నాన్నా" అంది అనసూయ, చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆయన కళ్లు తెరవలేదు. ముసలి వేళ్లు ఆ పాలరాతి మీద ఇంకా వెతుకుతూనే ఉన్నాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.